రమ్మన్న బాన

కాసోంగాన్ కుమ్మరి వీధిలో తుమిరా వాకిలి దాటి మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోవడం ఎవరి తరమూ కాదు. మనం నోరు మూసుకున్నా ఆవిడ మూసుకోదు. మోచేతుల దాకా మట్టి పూసుకుని, గోనెపట్టా మీద కూర్చుని బాన తట్టుకుంటూనే, వీధిలో అలికిడి అయితే చాలు, తలైనా ఎత్తకుండా "రండి రండి, ఒక్క నిమిషం కూచుని పోదురు గానీ!" అని కేక పెడుతుంది. టపా తెచ్చేవాడైనా ఒకటే, బాతుల మందను పొలానికి తోలుకుపోయే ముసలాడైనా ఒకటే. ఒకసారి మైకు కట్టుకుని ఓట్లు అడుగుతూ వెళ్ళే బండిని కూడా పిలిచింది. బండివాడు మైకులోనే "మళ్ళీ వస్తానమ్మా" అని జవాబిచ్చి పోయాడు.

అదే మర్యాద. పిలవడం ఒక మర్యాద, "వస్తా, వస్తా, ఇంకోసారి" అని ఆగకుండా సాగిపోవడం ఇంకో మర్యాద. పిలిచారు కదా అని నిజంగానే లోపలికి వచ్చి కూలబడే మనిషిని మా జావా గడ్డ మీద ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఎవరైనా అలా వచ్చి కూచున్నారంటే ఆ ఇల్లాలి గుండె గుభేలుమంటుంది. టీలోకి చక్కెర ఉందో లేదో, కుర్చీ మీద ఆరేసిన గుడ్డలు తీసిందో లేదో, ఆవిడ కష్టం పగవాడికి వద్దు.

ఊరు మొత్తమ్మీద ఈ పిలుపు దక్కని మనిషి ఒక్కతే, పక్కింటి పోనిజా. ఆమె గడప దిగిన చప్పుడు వినగానే తుమిరా తల తీసుకెళ్ళి బానలో దూర్చేస్తుంది, లోపల ఏదో పగులు వెతుకుతున్నట్టు. పోనిజా వాకిట్లోనూ అదే తంతు. తుమిరా అటుగా వెళ్తే పోనిజా తల బానలో ఉంటుంది. చూసేవాళ్ళకి ఆ వీధిలో ఆడవాళ్ళకి తలలు లేవేమో అనిపించాలి.

చెప్పొద్దూ, ఒకప్పుడు ఇద్దరూ ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్నవాళ్ళు. పెద్ద బాన చెయ్యాలంటే బాన కదలదు, మనిషే దాని చుట్టూ వెనక్కి వెనక్కి నడుస్తూ మట్టి తాళ్ళు పేర్చుకుంటూ పోవాలి. వీళ్ళిద్దరూ ఒకే బాన చుట్టూ ఒకరి వెనక ఒకరు తిరిగేవాళ్ళు, తిరిగినంతసేపూ మాట్లాడుకునేవాళ్ళు. ఆ బానల్లో మట్టి కంటే కబుర్లు ఎక్కువని కొనేవాళ్ళే ఎగతాళి చేసేవాళ్ళు.

పేట పెద్ద కూతురి పెళ్ళిలో మునిగింది కొంప. పెళ్ళంటే వీధిలో ఆడవాళ్ళంతా వెళ్ళి వంటలో చెయ్యి వెయ్యాలి కదా. పనసకాయ కూర తుమిరా చేతికి వచ్చింది. పోనిజా గరిటెతో ఒక చుక్క నాలిక మీద వేసుకుని, "అబ్బో, ఉప్పు దంచేసిందమ్మా! ఉప్పెక్కువైందంటే వండినావిడకి పెళ్ళి మీద మనసైనట్టే. చూడండే, మా తుమిరా మళ్ళీ పెళ్ళికూతురవుతుందట!" అని వంటశాల అంతా వినిపించేలా అంది. ఎవరి వంటలో ఉప్పెక్కువైనా ఎవరో ఒకరు అనే పాత పరాచికమే అది. పెళ్ళికాని పిల్లనంటే సిగ్గుపడి మూతి తిప్పుకుంటుంది. తుమిరా మొగుడు పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. అందరూ పడీ పడీ నవ్వుతుంటే ఆమె గరిటె కింద పెట్టి, "నా మొగుడు చచ్చి నన్నొదిలాడే. నీ మొగుడు బతికుండే వదిలేశాడు కదా!" అనేసింది.

పోనిజా మొగుడు రబ్బరు తోటల్లో పని ఉందని సుమత్రా పడవెక్కి, మళ్ళీ ఇటు మొహం చూపించలేదు. ఊరంతా ఎరిగిన సంగతే అయినా ఊళ్ళో ఎవరూ ఆమె ముందు ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. వంటశాలలో నవ్వు ఠక్కున ఆగిపోయింది. పోనిజా చెంగుతో చేతులు తుడుచుకుని ఇంటికి వెళ్ళిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా!

అప్పట్నుంచి పదేళ్ళ పైమాటే, మాటల్లేని కచ్చి. తనదే పెద్ద తప్పని తుమిరాకి తెలుసు. తెలుసు కాబట్టే మొహం చెల్లదు. పోనిజా ఒక్కసారి "రావే" అంటే చాలు, చేతి మట్టి కడుక్కోకుండా పరుగెత్తడానికి సిద్ధంగా ఉంది. ఆ మహాతల్లి అనదు. పిలవని పేరంటానికి వెళ్ళడానికి ఈ మహాతల్లికి కాళ్ళు రావు. ఆ ఒక్క మాట కోసం మనిషి లోపల ఎంత ఎండిపోయిందో వీధిలో వచ్చేపోయేవాళ్ళకి తెలియదు.

ఇలా ఉండగా జోగ్జా పట్నం నుంచి వెనింగ్ దిగింది. వెనింగ్ శిల్పి. పాతికేళ్ళ పిల్ల, మగపిల్లాడి క్రాపు, మోచేతుల మీద రంగుల మరకలు. ఆమె మోటారుసైకిల్ మోత రెండు ఊళ్ళ అవతల ఉండగానే మా కోళ్ళు గూట్లోకి దూరేవి. నేరుగా తుమిరా వాకిట్లో దిగి, "బు తుమిరా! మనిషి వంగి లోపలికి చూసేంత బాన కావాలి నాకు!" అంది. పెద్దావిడని మా వైపు 'బు' అంటారు, 'అమ్మా' అన్నట్టు.

"దేనికమ్మా, నీళ్ళకా, బియ్యానికా?"

"వీడియోకి, బు!"

"వీడియో బానలో నిలవుంటుందా తల్లీ? ఊరిపోదూ?" అంది తుమిరా. మా బానలు కాస్త చెమరుస్తాయి మరి.

వెనింగ్ నేల మీద చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత పుల్లతో మట్టిలో గీసి చూపించింది. బాన అడుగున చిన్న తెర పడుకోబెడుతుందట, దాని మీద అద్దం, అద్దం మీద జానెడు నీళ్ళు. ఎవరైనా వంగితే అంచు మీద నీడ పడుతుంది, నీడ పడగానే తెర వెలుగుతుంది, నీళ్ళలోంచి ఒక మొహం పైకి చూసి పలకరిస్తుంది. బానా, నీళ్ళూ, మొహం, వంగినవాడి నడుమునొప్పి, అన్నీ కలిపి శిల్పమట. ఊరూరా తిరిగి, సముద్రం దాటి సింగపూర్ కూడా పోతుందట.

"ఎవరి మొహం?" అంది తుమిరా.

"బాన చేసినవాళ్ళదే. మీదే!"

తుమిరా మట్టి చెయ్యి చెంపకి ఆనించుకుని, "ఓరి దేవుడా, ఈ మొహమా సింగపూర్ పోయేది!" అని ఇంకో చెంపకి కూడా మట్టి పూసుకుంది.

బానలు రెండు కావాలి. రెండోది వెనింగ్ ఎవరికి చెప్పిందో మీరు ఊహించే ఉంటారు. అంత పెద్ద బాన చేతులతో చెయ్యగలిగినవాళ్ళు వీధిలో వీళ్ళిద్దరే మిగిలారు. మిగతావాళ్ళంతా అచ్చులతో పూలకుండీలు పోసుకుంటున్నారు. ఇద్దరికీ పదేళ్ళుగా మాటల్లేవని ఆ పిల్లతో ఒక్కరూ చెప్పలేదు. మా వాళ్ళకి అదొక జబ్బు. ఇంటి గుట్టు బయటివాళ్ళ ముందు పెడితే పరువు తక్కువ. వెనింగ్ పేట పెద్దనే అడిగింది, "వీళ్ళిద్దరూ స్నేహితులేనా?" అని. ఆయన చిరునవ్వు నవ్వి, "పక్కపక్క ఇళ్ళేనమ్మా. టీ తాగుతావా?" అన్నాడు. అంత తెలివిగా నోరు కట్టేసుకునే మనిషి కాబట్టే ఆయన పేట పెద్ద అయ్యాడు.

వీడియో తీసిన రోజు తుమిరా మొహానికి పౌడరు రాసుకుంది, పెళ్ళిళ్ళకి కట్టే లేస్ రవిక వేసుకుంది, జుట్టు నున్నగా దువ్వి ముడి పెట్టుకుంది. తీరా చూస్తే వెనింగ్ కెమెరాని తీసుకెళ్ళి బాన అడుగున పెట్టింది. "వంగి దాన్ని చూడండి, బు. రోజు మొత్తంలో ఎక్కువసార్లు ఏ మాట అంటారో, ఆ మాట అనండి."

తుమిరా ఆలోచించాల్సిన పనే లేదు. బానలోకి వంగి, "రండి రండి, ఒక్క నిమిషం కూచుని పోదురు గానీ!" అని అలవాటు కొద్దీ అరిచింది. బాన బొంగురుగా ఆ మాటనే తిరిగి ఆమె మొహం మీద కొట్టింది. హడలిపోయి వెనక్కి గెంతింది, తలముడి ఊడిపోయింది. ఆ హడలుకి తనకే నవ్వొచ్చింది. నవ్వు మొదలైతే ఆగే ఘటం కాదు. వెనింగ్ ఆ నవ్వు కూడా ఉంచేసింది. అదే రోజు మధ్యాహ్నం పక్కింట్లో పోనిజా కూడా పౌడరు రాసుకుని తన బానలోకి వంగింది. ఆమె రోజూ ఎక్కువసార్లు అనే మాట మాత్రం వేరే ఉంటుందా? మా వీధిలో ఎవరు వంగినా అదే మాట, కాకపోతే పక్కనున్నది వెనింగే కనక పోనిజా చనువుగా 'రావే' అంది.

బానల్ని ముందు మా పేట మండపంలో నిలబెట్టారు. పట్నం తీసుకెళ్ళే ముందు ఊరివాళ్ళు చూడాలని వెనింగ్ పట్టు. పసుపన్నం కొండలా పోసి, పైన మిరపకాయ గుచ్చి, మసీదు పెద్దాయన దువా చదివాక పేట పెద్ద ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఎవరు వింటారు! అప్పటికే జనం బానల మీద విరుచుకుపడ్డారు. వంగినవాళ్ళంతా బానలో మొహం చూసి కెవ్వుమనడం, అది "రండి రండి" అనగానే చేతులు కట్టుకుని ఒద్దికగా "వస్తానమ్మా, ఇంకోసారి" అని జవాబు చెప్పడం, చెప్పినందుకు పక్కవాళ్ళు గేలి చెయ్యడం, గేలి చేసినవాళ్ళు తమ వంతు రాగానే అదే మాట చెప్పడం. జిల్లా ఆఫీసు నుంచి వచ్చినాయన కూడా టోపీ సర్దుకుని "ఇవాళ పని ఉంది, మరోసారి" అని బానకి మనవి చేసుకున్నాడు.

ముసలి మిత్రోకైతే చెవుడు, పైగా కళ్ళు కూడా సరిగా ఆనవు. తుమిరా బానలోకి వంగి, "ఏమే తుమిరా, లోపలేం చేస్తున్నావే? పడ్డావా?" అన్నాడు.

"రండి రండి, కూచుని పోదురు గానీ!" అంది బాన.

"నేనెక్కడ పడతానే దాంట్లో, ఈ వయసులో! నువ్వే పైకి రా!" అని చెయ్యి కూడా అందించాడు. నీళ్ళు తగిలి చొక్కా చెయ్యి తడిసింది. తుమిరా పక్కనే నిలబడి ఆయన వీపు తడుతూ, "నేనిక్కడున్నాను మామా!" అంటే, ఆయన ఒకసారి ఆమెనీ ఒకసారి బాననీ చూసి, "ఇద్దరయ్యారా? ఒక్కదాని నోటికే వీధి తట్టుకోలేకపోతోంది!" అన్నాడు. మండపం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు జనం.

పోనిజా మండపం ఆ చివర స్తంభానికి ఆనుకుని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా ఉండటానికి పడే పాట్లు చూసే కళ్ళకి పండగ. అంతలో వెనింగ్ వచ్చి తుమిరా చెయ్యి పట్టుకుంది. "మీ మొహం మీరు చూసుకుంటే ఏముంది, బు! ఇటు రండి, ఇది చూడండి. ఎంత బాగా వచ్చిందో!" అని పోనిజా బాన దగ్గరికి ఈడ్చుకుపోయింది. జనం మధ్య ఆ పిల్ల చెయ్యి విదిలించుకుంటే మర్యాద కాదు. వంగకపోతే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే పరువు పోతుంది. తుమిరా మింగలేక కక్కలేక వంగింది.

నీళ్ళు వెలిగాయి. పోనిజా మొహం పైకి తేలింది. పదేళ్ళుగా తుమిరా ఆ మొహాన్ని నేరుగా చూడలేదు, వీధిలో వెళ్తుంటే వీపు చూసిందంతే. ముందు పన్ను ఒకటి ఊడిపోయింది. కళ్ళ కింద సంచులు వచ్చాయి. పౌడరు ఒక చెంపకి ఎక్కువా ఒక చెంపకి తక్కువా రాసుకుంది, ఎప్పటిలాగే. దాన్ని ఎప్పుడూ తుమిరాయే కదా సరిచేసేది! ఎవరు సరిచేశారు ఇన్నేళ్ళూ? ఎవరూ చెయ్యలేదన్నమాట.

నీళ్ళలో పోనిజా కళ్ళు చికిలించి, ఆమెనే చూస్తూ, "రావే, కాసేపు కూచుని పోదువు గానీ!" అంది.

తుమిరా నోటికి అడ్డూ ఆపూ ఎప్పుడుంది కనక! "ఆ, వస్తానే!" అనేసింది. మామూలుగా కూడా కాదు. బాన ఆ మాటని అందుకుని మండపం నాలుగు మూలలా మోగించింది.

పెనం మీద నూనె పేలినట్టు అందరూ ఒక్కసారే మాట్లాడారు. పోనిజా మొహం మిరపపండై, దారిలో ఉన్నవాళ్ళని తోసుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. వెనింగ్ అయోమయంగా "ఏమైంది? ఏమైంది?" అని అడుగుతుంటే పేట పెద్ద ఆమె చేతిలో పసుపన్నం ప్లేటు పెట్టి, "తిను తల్లీ, చల్లారిపోతుంది" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఊరికి వేరే పని లేదు. టీకొట్టు దగ్గర రెండు జట్లయ్యాయి. కచ్చి వీడినట్టేనని ఒక జట్టు, వీడలేదని ఇంకో జట్టు.

"ఇది పిలిచింది, అది పలికింది. ఇంకేం కావాలి? సాక్షిగా ఊరంతా ఉంది!"

"పిలిచింది బాన కదరా, పోనిజా ఎక్కడ పిలిచింది?"

"బానలో ఉన్నది ఎవరి మొహం? మీ అత్తదా?"

"ఆ మొహం కెమెరాతో అంది, తుమిరాతో కాదు."

"అట్లయితే తుమిరా ఎవరితో అంది? కెమెరాతోనా? 'వస్తానే' అని కెమెరాని ఎవరైనా అంటారా?"

చివరికి మిత్రో మామని తీర్పు చెప్పమన్నారు. ఆయన టీ గ్లాసు ఊదుకుంటూ చాలాసేపు ఆలోచించి, "పిలుపు బానది. జవాబు మనిషిది. కాబట్టి సగం కచ్చి వీడింది" అన్నాడు. సగం కచ్చి అంటే ఏమిటని మళ్ళీ రెండు జట్లయ్యాయి. బజ్జీల బాణలి మాడిపోయింది.

వీళ్ళ గోల వీళ్ళదే గానీ, తుమిరా చెవిలో ఒకటే మాట. రావే, కాసేపు కూచుని పోదువు గానీ. ఎన్నేళ్ళకి విందో! వీధి సద్దుమణిగే ఎండవేళ, బాన అంచు పగిలిందేమో చూడాలన్న వంకతో మండపానికి వెళ్ళింది. చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, వంగింది.

"రావే, కాసేపు కూచుని పోదువు గానీ!"

"ఎట్లా వస్తానే," అంది తుమిరా గుసగుసగా. "ఆ రోజు నేనన్న మాట చిన్నదా?"

"రావే, కాసేపు కూచుని పోదువు గానీ!"

"నువ్వన్నదీ తక్కువేం కాదు. నా మొగుడు పోయి ఏడాదైనా కాలేదు."

"రావే, కాసేపు కూచుని..."

"చెప్పనీయవే నన్ను! అయినా సరే, మొగుడి మాట నేను ఎత్తకూడదు. నీకు ఎక్కడ నొప్పో నాకే తెలుసు. తెలిసే అక్కడే పొడిచాను. అదే నా తప్పు."

"...పోదువు గానీ!" అని పోనిజా నీళ్ళలో ఊడిన పన్ను చూపిస్తూ నవ్వింది. ఎంత సులువుగా క్షమించేసిందో! తుమిరాకి దూదిపింజలా తేలిపోయినట్టయింది. ఇంటికి వచ్చి, ఉత్సాహం పట్టలేక, మట్టి పిసుకుతూ పాట ఎత్తుకుంది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఈసారి అరటి బజ్జీ కూడా తీసుకెళ్ళింది, తింటూ కబుర్లు చెబుదామని. కోడి గుడ్లు పెట్టడం మానేసిన సంగతి చెప్పింది. మోకాళ్ళ నొప్పి చెప్పింది. "నీ పౌడరు ఎడం చెంపకి ఎక్కువైందే" అని కూడా చెప్పేసింది. అన్నిటికీ బాన రమ్మనే అంది. ఇంత మంచి స్నేహితురాలు ఎవరికి దొరుకుతుంది చెప్పండి! పక్కింట్లో ఉన్న పోనిజాకి మాత్రం బానలో తల దూర్చడమే తెలుసు. ఈమెకీ అంతే. వాకిట్లో ఎడమొహం పెడమొహం, మండపంలో ఒకటే ముచ్చట్లు.

ఇది ఇలాగే సాగేదేమో. ఒకనాడు పొద్దున్నే వెనింగ్ మోటారుసైకిల్ వెనక లారీ వచ్చింది. సింగపూర్ ఓడకి వేళయిందట. నలుగురు మగాళ్ళు చెక్కపెట్టెలు దించారు.

తుమిరా మండపం మెట్ల మీద నిలబడి చూసింది. వాళ్ళు నీళ్ళు తోడేసి బానల చుట్టూ గడ్డి చుట్టారు, గడ్డి మీద బుడగల ప్లాస్టిక్ చుట్టారు. తీగలు తెంపితే మళ్ళీ కలపడం కష్టమని వెనింగ్ బ్యాటరీ అలాగే వదిలేసింది. దాంతో ఎవరి చెయ్యి అంచు మీద ఆడినా లోపల మొహం లేచి కూచుంటోంది. "రావే, కాసేపు కూచుని పోదువు గానీ!" అని గడ్డిలోంచి పోనిజా. "రండి రండి!" అని ప్లాస్టిక్‌లోంచి తుమిరా. పెట్టె మోసేవాళ్ళలో ఒకడు ఒద్దికగా "ఇప్పుడు కాదమ్మా, లోడు ఉంది" అన్నాడు. మేకులు కొడుతుంటే కూడా లోపల పిలుపులు ఆగలేదు. లారీ కదిలింది. గుంటలో చక్రం పడ్డప్పుడల్లా పెట్టె సందుల్లో నీడలు ఊగి, "రావే!" అని ఒకటి, "రండి!" అని ఒకటి, వెనకాల జనం కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వుతూ చేతులూపుతుంటే, ఆ రెండు గొంతులూ రోడ్డు మలుపు తిరిగాయి.

జనమంతా నవ్వుతున్నారు. తుమిరాకి మాత్రం ఎవరో గుండెకాయ పెట్టెలో పెట్టి మేకులు కొట్టినట్టుంది. ఇక ఎవరితో చెప్పుకుంటుంది? సింగపూర్‌లో ఎవరో వంగుతారు. ఎవరెవరినో రమ్మంటుంది పోనిజా. చెప్పినవన్నీ ఆ నీళ్ళకే చెప్పింది తను. అసలు మనిషి చెవిన ఒక్క ముక్కైనా పడలేదు. బాన క్షమించిందని సంబరపడిన తన తెలివితక్కువతనం అప్పుడు తెలిసొచ్చింది తుమిరాకి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నిలబడిన చోట నిలబడలేక నడిచింది. కాళ్ళు ఎటు తీసుకెళ్తున్నాయో తనకి తెలుసు, చూస్తున్న జనానికీ తెలిసిపోయింది. నవ్వులు ఆపుకుని, ఏమీ ఎరగనట్టు, వీధంతా ఆమె వెనకే నడిచింది.

పోనిజా లారీని చూడటానికి రాలేదు. వాకిట్లోనే పచ్చి బాన అంచు సాపు చేస్తోంది. తుమిరా అడుగుల చప్పుడు ఆమెకి తెలియకేం, చటుక్కున తల బానలో పెట్టేసింది.

తుమిరా గుమ్మం ముందు ఆగింది. ఎప్పుడూ ఆగని చోటు. "పోనిజా. వచ్చానే."

బానలోంచి బొంగురుగా జవాబు వచ్చింది. "ఎవరు పిలిచారు?"

"నువ్వే. బానలోంచి."

"అది అందర్నీ పిలిచింది."

"అందరూ వస్తామన్నారు. నేను వచ్చాను."

తుమిరా చెప్పులు విడిచి, గడప దాటి, లోపలికి వెళ్ళిపోయింది. వీధిలో జనం ముక్కున వేలేసుకున్నారు. పిలిచారని నిజంగానే లోపలికి పోయిన మనిషి! ముసలి మిత్రో "ఏమైంది, ఏమైంది?" అంటుంటే ఎవరో ఆయన చెవిలో "లోపలికి పోయింది మామా!" అని అరిచారు. "బానలోకా?" అన్నాడాయన.

పోనిజా తల బయటికి తీసి లోపలికి పరుగెత్తింది. కుర్చీల నిండా ఆరబెట్టిన చిన్న మూకుళ్ళు. కూచోవడానికి చోటు లేదు. ఒక కుర్చీ మీదివి తీసి ఇంకో కుర్చీ మీద పెట్టింది. మళ్ళీ అవి తీసి మంచం మీద పెట్టింది. టీకి నీళ్ళు పెట్టబోయి ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. "చక్కెర లేదు," అంది గోడకేసి చూస్తూ, పదేళ్ళలో మొదటి మాట. "నువ్వు నిజంగా వస్తావని ఎవరనుకున్నారు? ఎవరైనా నిజంగా వస్తారా?"

"చక్కెర కోసం రాలేదు."

"మరి దేనికొచ్చావు?"

తుమిరా కూచోలేదు. మండపంలో అంత తేలిగ్గా వచ్చిన మాటలు ఇప్పుడు నాలిక మీదికి రావడం లేదు. ఎదురుగా ఉన్న మొహం వెలగడం లేదు, నవ్వడం లేదు, రమ్మనడమూ లేదు. పెదవులు బిగించి చూస్తోంది. అదే భయం. ఏమంటుందో తెలియని మొహం అది.

"ఆ రోజు నీ మొగుడి మాట అన్నాను," అంది చివరికి. "అనకూడదు. నీకు నొప్పి పుట్టాలనే అన్నాను. తప్పయింది పోనిజా."

పొయ్యి మీద ఖాళీ గిన్నె వేడెక్కి చిటపటలాడింది. పోనిజా దాన్ని దించి, వేలు కాల్చుకుని, వేలు నోట్లో పెట్టుకుంది.

"ఇంకోసారి అను," అంది.

"ఏంటి?"

"ఇంకోసారి అనవే. రోజూ పొద్దున్నే వెళ్ళి నీ బాన మీద వంగేదాన్ని. అదైతే నేను వంగినంతసేపూ మళ్ళీ మళ్ళీ రమ్మనేది, విసుక్కునేది కాదు. నువ్వేంటి, ఒక్కసారి అనేసి ఊరుకుంటావు?"

తుమిరాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు. "తప్పయింది పోనిజా," అంది.

"మళ్ళీ."

"తప్పయింది."

"నేనూ అందరి ముందూ అలా అనకూడదే తుమిరా, నీ ఏడుపు ఆరకముందే... నువ్వు ఆపకు, నువ్వు అను," అంటూ పోనిజా కాలిన వేలితోనే కళ్ళు తుడుచుకుంది. కిటికీ దగ్గర ఒకరి మీద ఒకరు ఎక్కి చూస్తున్న జనాన్ని ఇద్దరూ పట్టించుకోలేదు. తుమిరా మళ్ళీ అంది, ఆ తర్వాత మళ్ళీ అంది.